మౌంట్ హోల్యోక్‌లో సీటు వచ్చింది. అమ్మాయిల కాలేజీ, లిబరల్ ఆర్ట్స్ (ఒకే సబ్జెక్టుకి పరిమితం కాకుండా రకరకాల సబ్జెక్టులు కలిపి చదివేది). చేరాలా వద్దా?

కేపీహెచ్‌బీ_అమ్మాయి:

అందరికీ నమస్కారం. ఇంటర్ ఎంపీసీ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. అమెరికాలో మసాచుసెట్స్‌లోని మౌంట్ హోల్యోక్ కాలేజీ నుంచి అడ్మిషన్ లెటర్ వచ్చింది. ఎయిడ్ పోగా మా ఇంటి నుంచి కట్టాల్సింది ఏడాదికి 14 వేల డాలర్లు. నాన్న ప్రైవేటు కంపెనీలో అకౌంటెంట్. కట్టలేమని కాదు గానీ మాకది పెద్ద మొత్తమే. మే 1 లోపు ఏదో ఒకటి చెప్పాలి. ఇంకోవైపు ఎప్‌సెట్ ఉంది. హైదరాబాద్‌లోనే మంచి కాలేజీలో సీఎస్ఈ వస్తుందని మా లెక్చరర్లు అంటున్నారు.

ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. "అమ్మాయిల కాలేజీయే కావాలంటే కోఠీలో లేదా? దానికోసం అమెరికా దాకా పోవాలా?" అని తాతయ్య. అమ్మమ్మ ఆ కోఠీ ఉమెన్స్ కాలేజీలోనే బీఏ చదివింది. ఆవిడ మాత్రం "పంపించండి" అంటోంది, ఎందుకంటే చెప్పదు. ఎంపీసీ చదివించి, అంత డబ్బు పోసి, చివరికి బీఏ డిగ్రీ తెచ్చుకోవడమేంటని నాన్న. అమ్మాయిల కాలేజీ కాబట్టి భయం లేదని అమ్మ ధైర్యం.

నా టెన్షన్ వేరు. ఈ రెండేళ్లూ అమ్మాయిల రెసిడెన్షియల్ క్యాంపస్‌లోనే ఉన్నాను. పొద్దున ఐదింటికి లేపడం, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్, నెలకోసారి ఔటింగ్, ఆదివారం ఫోన్ కోసం క్యూ. మళ్లీ నాలుగేళ్లు అలాంటి చోటే అంటే ఊపిరాడదేమో అనిపిస్తోంది. అబ్బాయిలతో కలిసి పనిచేయడం అలవాటు కాకుండా పోతుందేమో కూడా. నాకు మ్యాథ్స్, కంప్యూటర్స్ ఇష్టం, ఎకనామిక్స్ చదవాలనీ ఉంది. అక్కడ చదివినవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి, ప్లీజ్.

సియాటిల్_మావయ్య:

కంగ్రాట్స్ తల్లీ. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, ఇంటర్వ్యూలు చేస్తుంటాను. ఉద్యోగం సంగతి వరకు చెప్తాను.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లోలాగా అక్కడ కంపెనీలు క్యాంపస్‌కి వచ్చి వందలమందికి ఆఫర్లు ఇచ్చి పోవు. సెకండియర్ నుంచే ఇంటర్న్‌షిప్‌ల వెంట నువ్వే పడాలి. నేను కూర్చున్న ఇంటర్వ్యూల్లో మాత్రం ఏం కట్టావు, ఎలా ఆలోచిస్తావు అన్నదే చూస్తాం. కాలేజీ పేరు దగ్గర ఆగిపోము.

ఇంకో విషయం ఆలోచించుకో. ఈ అమ్మాయిల కాలేజీలు తగ్గిపోతున్నాయి. 'సెవెన్ సిస్టర్స్' అని ఏడు పేరున్న కాలేజీలు ఉండేవి. అందులో వాసర్ 1969లో అబ్బాయిలను చేర్చుకుంది. రాడ్‌క్లిఫ్ 1999లో హార్వర్డ్‌లో కలిసిపోయింది. ఈ ఏడింట్లో లేకపోయినా కాలిఫోర్నియాలో చాలా పాతదైన మిల్స్ కాలేజీ 2022లో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో కలిసింది. నాలుగేళ్లు ఆ కాలేజీ నిలబడుతుందా అని అడగడం తప్పేం కాదు. ఇక 14 వేల డాలర్లు మీ చేతి నుంచే అయితే సరే, ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చేదైతే మాత్రం నేను వద్దంటాను.

నెల్లూరు_అక్క_బోస్టన్:

చెల్లీ, నేను అక్కడే చదివాను. నీలాగే రెసిడెన్షియల్ ఇంటర్ అవగానే నెల్లూరు నుంచి నేరుగా వెళ్లాను. ఇప్పుడు బోస్టన్‌లో ఒక హాస్పిటల్ రీసెర్చ్ విభాగంలో స్టాటిస్టీషియన్‌ని. పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు నీ ఊపిరాడని భయం సంగతి. మన దగ్గర అమ్మాయిల కాలేజీ అనగానే కాంపౌండ్ వాల్, వార్డెన్, ఔటింగ్ స్లిప్ గుర్తొస్తాయి. అక్కడ ఇవేవీ లేవు. పెద్ద ఇనుప గేటు ఒకటుంది, అందంగా ఉంటుంది, అంతే. రోడ్డు మీద పోయేవాళ్లెవరైనా లోపలికి నడుచుకుంటూ రావచ్చు. హాస్టల్లో అటెండెన్స్ లేదు. రాత్రి రెండింటికి వచ్చినా ఎక్కడికెళ్లావని అడిగే మనిషి లేదు. స్నేహితులు, అబ్బాయిలైనా సరే, గెస్టులుగా రావచ్చు. ఈ మాట మీ అమ్మగారికి ఇప్పుడే చెప్పెయ్. కాపలా ఉంటుందన్న నమ్మకంతో పంపించి, అక్కడ లేదని తర్వాత తెలిస్తే ఆవిడ చాలా బాధపడతారు.

నా ఉద్దేశంలో నువ్వు తేల్చుకోవాల్సింది కూడా ఇదే. అబ్బాయిలు ఉంటారా ఉండరా అన్నది కాదు. ఎవరూ లేపని చోట లేచి, ఎవరూ తినమనని చోట తిని, జ్వరమొస్తే హెల్త్ సెంటర్‌కి నువ్వే ఫోన్ చేసుకుని, చదువు నీ అంతట నువ్వు చదువుకోగలవా అన్నది. రెసిడెన్షియల్‌లో మనకి ర్యాంకు వచ్చింది కదా, ఆ క్రమశిక్షణ మనదే అనుకుంటాం. దాంట్లో సగం బెల్లుది. అది మోగని చోట ఎలా ఉంటావో కాస్త ఊహించుకో.

పరీక్షల గురించి చెప్తే నీకు బాగా అర్థమవుతుంది. ఇంటర్‌లో నిమిషం నిబంధన తెలుసుగా, ఆలస్యమైతే గేటు దగ్గర ఏడ్చినా రానిచ్చేవాళ్లు కాదు. మౌంట్ హోల్యోక్‌లో సెమిస్టర్ ఫైనల్స్ చాలావరకు, ఏ పేపరు ఏ రోజు ఏ పూట రాయాలో మనమే ఎంచుకుని రాసేవాళ్లం. వెళ్లి నీ పేరున్న కవరు తీసుకోవడం, ఒక గదిలో కూర్చుని రాయడం, టైమ్ అయ్యేలోపు తిరిగి ఇచ్చేయడం. ఇన్విజిలేటర్ ఉండరు. ఆనర్ కోడ్‌కి, అంటే నిజాయితీగా ఉంటామన్న నియమానికి, ఒప్పుకునే కాలేజీలో చేరతాం, ఇక మన మాట మీదే నమ్మకం. మొదటి సెమిస్టర్లో నేను లీనియర్ ఆల్జీబ్రా రాస్తుంటే పక్క బల్ల దగ్గర ఒకమ్మాయి బూట్లు విప్పి, కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకుని కెమిస్ట్రీ పేపర్ రాస్తోంది. వెనకాల ఇంకెవరో ఫ్రెంచ్. మధ్యలో ఆ కెమిస్ట్రీ అమ్మాయి లేచి, నీళ్లు తాగొచ్చి, మళ్లీ కూర్చుంది. ఎవరి పేపర్ వైపూ ఎవరూ చూడలేదు. మన స్లిప్ టెస్టుల్లో మధ్యలో అట్టలు నిలబెట్టి రాయించిన రోజులు గుర్తొచ్చాయి. నన్ను ఇంతలా నమ్ముతున్నారా అని నాకు కాసేపు చెయ్యి ఆడలేదు. ఆ కాలేజీ అంటే నాకు ప్రాణం అవ్వడం ఆ పూట నుంచే.

ఇక అబ్బాయిల సంగతి. చుట్టుపక్కల యామ్‌హర్స్ట్, స్మిత్, హాంప్‌షైర్, యూమాస్ యామ్‌హర్స్ట్ (యూనివర్సిటీ ఆఫ్ మసాచుసెట్స్) ఉన్నాయి. మౌంట్ హోల్యోక్‌తో కలిపి ఫైవ్ కాలేజెస్ అంటారు. ఐదింట్లో ఎక్కడి కోర్సైనా తీసుకోవచ్చు, వాటి మధ్య బస్సులకి స్టూడెంట్లు టికెట్ కొనక్కర్లేదు. నేను యూమాస్‌లో కంప్యూటర్ సైన్స్ కోర్సు చేశాను, క్లాసులో సగానికి పైగా అబ్బాయిలే. వాళ్లూ మన క్లాసులకి వస్తారు. కాకపోతే డిమాండ్ ఉన్న కోర్సుల్లో సీటు ముందు ఆ కాలేజీ పిల్లలకే దక్కుతుంది, అది గుర్తుపెట్టుకో.

అబ్బాయిలు లేకపోవడం వల్ల నాకు కలిగిన లాభం ఒకటే చెప్తాను. మా అన్నయ్య ఇక్కడ ఇంజినీరింగ్ చదివాడు. వాళ్ల బ్యాచ్ ప్రాజెక్టుల్లో కోడ్ అబ్బాయిలు రాసేవారు, రిపోర్టూ పీపీటీ అమ్మాయిలకి వదిలేసేవారు. ఎవరూ దురుద్దేశంతో చేసింది కాదు, అలా జరిగిపోయేది. మా ప్రాజెక్టులో కోడ్ రాసిందీ అమ్మాయే, సర్వర్ క్రాష్ అయితే రాత్రంతా కూర్చుందీ అమ్మాయే, "నీ పద్ధతి తప్పు" అని నా మొహం మీద చెప్పిందీ అమ్మాయే. నాలుగేళ్లు అలా గడిచాక యూమాస్‌లోనైనా ఆఫీసులోనైనా కీబోర్డు పక్కవాడికి ఇచ్చేసే అలవాటు మనకి ఉండదు. అబ్బాయిలతో పనిచేయడం రాదేమోనని భయపడుతున్నావు కదా, నాకైతే దీనివల్లే వచ్చింది.

ఇంకొకటి, అందరూ దీన్ని అమ్మాయిల కాలేజీ అంటారు గానీ, 2014 నుంచి ట్రాన్స్‌జెండర్ విద్యార్థులను, తమని అమ్మాయి అనీ అబ్బాయి అనీ చెప్పుకోనివాళ్లను కూడా చేర్చుకుంటామని కాలేజీ ప్రకటించింది. నీ రూమ్మేట్ ఎవరైనా కావచ్చు. పేరు పెట్టి, వాళ్లు కోరినట్టు పిలవడం చాలు, స్నేహం దానంతట అదే కుదురుతుంది.

మొత్తం స్టూడెంట్లు రెండు వేల పైచిలుకే. చిన్న క్లాసులు చాలా ఉంటాయి. నా ఫస్టియర్ సెమినార్‌లో అందరం ఒకే బల్ల చుట్టూ పట్టేవాళ్లం. వెనక బెంచీ అనేదే లేదు. నువ్వు చదవకుండా వస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. వరసగా రెండు క్లాసుల్లో నోరు విప్పకపోతే ప్రొఫెసర్ తన గదికి రమ్మని పిలుస్తారు. తిట్టడానికి కాదు, టీ ఇచ్చి మరీ ఏం ఆలోచిస్తున్నావని అడుగుతారు. మాట్లాడటం, వాదించడం, రాయడం నేర్పడానికి విడిగా ఒక సెంటరే ఉంది, అక్కడ సీనియర్లు కూర్చోబెట్టి నేర్పిస్తారు. గుంపులో కలిసిపోయి ప్రశాంతంగా మార్కులు తెచ్చుకోవడం నీకు ఇష్టమైతే ఈ కాలేజీ నీకు నరకం. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను.

నాన్నగారి బీఏ గురించి. నిజమే, సర్టిఫికెట్ మీద బ్యాచిలర్ ఆఫ్ ఆర్ట్స్ అనే ఉంటుంది. నాది మ్యాథ్స్‌లో బీఏ. చదువయ్యాక పనిచేయడానికి ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి 12 నెలల అనుమతి (ఓపీటీ అంటారు), స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) సబ్జెక్టు అయితే ఇంకో 24 నెలలు ఇస్తారు. దానికి చూసేది మేజర్‌కి, అంటే ప్రధాన సబ్జెక్టుకి, ఉన్న కోడ్‌ని, డిగ్రీ పేరుని కాదు. మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్‌కి ఇబ్బంది లేదు. ఎకనామిక్స్ ఏ కోడ్ కింద ఉందో మాత్రం కాలేజీకి ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా కనుక్కో. మేజర్ ఏదో రెండో ఏడాది దాకా తేల్చక్కర్లేదు. మ్యాథ్స్‌తో మొదలుపెట్టి ఎకనామిక్స్ కలుపుకోవచ్చు. నీకున్న ఇష్టాలు చూస్తే ఇది నీకోసమే కట్టినట్టుంది. అదే మెకానికల్, సివిల్ అని ఉంటే మాత్రం ఇది సరైన చోటు కాదు. రెండు కాలేజీల్లో కలిపి ఐదేళ్లు చదివే డ్యూయల్ డిగ్రీ ఒకటుంది గానీ, సొంతంగా ఇంజినీరింగ్ ఉన్నది పక్కనున్న స్మిత్‌లో.

సియాటిల్ అంకుల్ అడిగింది న్యాయమైన ప్రశ్న. ఈ కాలేజీని మేరీ లయన్ అనే టీచర్ ఊరూరా తిరిగి చందాలు పోగు చేసి 1837లో మొదలుపెట్టింది. ఇప్పుడు దాని మూలనిధి వంద కోట్ల డాలర్ల స్థాయిలో ఉంది. నాలుగేళ్లలో మూతపడుతుందని నేను భయపడను. ఇంటర్న్‌షిప్‌ల మాట కూడా ఆయన సరిగ్గానే చెప్పారు. దానికోసం లింక్ అనే పథకం ఉంది, జీతం లేని సమ్మర్ ఇంటర్న్‌షిప్ దొరికితే ఒకసారి ఖర్చులకి కాలేజీయే డబ్బిస్తుంది. నాకు హాస్పిటల్లో మొదటి అవకాశం దానివల్లే వచ్చింది.

హాస్పిటల్ అంటే గుర్తొచ్చింది. కాన్పు అవగానే బిడ్డ పరిస్థితి ఎలా ఉందో చూసి అప్గార్ స్కోరు వేస్తారు, ఒక నిమిషానికి ఒకసారి, ఐదు నిమిషాలకి ఒకసారి. నువ్వు పుట్టినప్పుడూ వేసే ఉంటారు. ఆ స్కోరు తయారుచేసిన డాక్టర్ వర్జీనియా అప్గార్ మౌంట్ హోల్యోక్‌లో 1929లో జువాలజీ డిగ్రీ తీసుకున్నావిడ. అమెరికా క్యాబినెట్‌లో మొదటి మహిళ, రూజ్‌వెల్ట్ దగ్గర కార్మిక మంత్రిగా చేసిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ కూడా అక్కడే, 1902 బ్యాచ్. బీఏతో ఏం చేస్తారని నాన్నగారు మళ్లీ అడిగితే ఈ ఇద్దరి పేర్లూ చెప్పు.

కష్టాలు కూడా చెప్పాలి. కాలేజీ ఉన్న సౌత్ హాడ్లీ చిన్న ఊరు. రోడ్డు దాటితే ఒక పుస్తకాల షాపు, నాలుగు హోటళ్లు, అంతే. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి పడిపోతుంది. ఆ చీకటి నన్ను మంచుకంటే ఎక్కువ బాధపెట్టింది. తెలుగు మాట వినిపించదు. ఆవకాయ పట్టుకెళ్లు గానీ నాలుగు నెలలకి సరిపడా పట్టుకెళ్లకు, ఒక్కదానివే గదిలో కూర్చుని తింటే ఇంకా దిగులేస్తుంది. రాత్రి హాస్టల్లో పాలూ కుకీలూ పెట్టే ఆనవాయితీ ఉంది, ఎంత చదువున్నా కిందకి దిగి వెళ్లు. నాకు స్నేహితులు దొరికింది అక్కడే. అక్టోబర్‌ ప్రాంతంలో ఒకరోజు పొద్దున్నే గంటలు మోగుతాయి. మౌంటెన్ డే అంటారు, ఆ రోజు క్లాసులు రద్దు, అందరూ కొండెక్కుతారు. ఏ రోజన్నది ముందు చెప్పరు. అది పోగొట్టుకోకు.

నల్లకుంట_మేడమ్:

అమ్మా, మీ తాతగారు అన్న కోఠీ గురించి నేను చెప్తాను. నేను అక్కడే చదివి, డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. మీ అమ్మమ్మగారు చెప్పని కారణం నాకు కొంత తెలిసినట్టే ఉంది.

ఆ కాలేజీ 1924లో మొదలైంది. తర్వాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలోకి వచ్చింది. ఎత్తైన స్తంభాలు, ముందు విశాలమైన మెట్లు. ఎక్కడెక్కడి అమ్మాయిలమో, కాలేజీ అవ్వగానే ఆ మెట్ల మీద కూర్చుని గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లం. ఇంట్లో మగవాళ్లు మాట్లాడుతుంటే వంటింట్లోకి వెళ్లిపోయే అమ్మాయిలు అక్కడ కాలేజీ ఎన్నికల్లో నిలబడి ప్రసంగాలు చేశారు. ల్యాబ్‌లో పరికరం పాడైతే మేమే విప్పి బాగుచేసేవాళ్లం, చేసిపెట్టే మగపిల్లలు లేరు కాబట్టి. తర్వాత నేను కో-ఎడ్ కాలేజీలో పాఠం చెప్పినప్పుడు, ప్రాక్టికల్స్‌లో అమ్మాయిలు రీడింగులు రాసుకోవడానికే పరిమితమైపోతుంటే బల్లలు మార్చి కూర్చోబెట్టేదాన్ని. బోస్టన్ అమ్మాయి చెప్పిన కీబోర్డు మాట అక్షరాలా నిజం.

కోఠీకీ మౌంట్ హోల్యోక్‌కీ డబ్బులో, సౌకర్యాల్లో పోలిక లేదు. మన కాలేజీలకి అంత మూలనిధి ఉంటే మన పిల్లలూ ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, ఆ బాధ నాకుంది. తాతగారిని తప్పుబట్టకు. అమ్మమ్మని మాత్రం తీరిగ్గా పక్కన కూర్చోబెట్టుకుని ఆ మూడేళ్ల గురించి అడుగు.

కేపీహెచ్‌బీ_అమ్మాయి:

అక్కా, మేడమ్, అంకుల్, చాలా థాంక్స్. మీరు రాసినవన్నీ నాన్నకి చదివి వినిపించాను. డిగ్రీ పేరుకీ ఓపీటీకీ సంబంధం లేదని తెలిశాక కాస్త మెత్తబడ్డారు. ఇప్పుడు ఆయన ప్రశ్న, రెండో ఏడాది ఫీజు పెరిగితే మన వాటా కూడా పెరుగుతుందా అని. అక్కడ కాపలా ఉండదన్న మాట అమ్మకి చెప్పాను. మొన్నటి నుంచి ముభావంగా ఉంది. అమ్మమ్మని అడిగాను మేడమ్. కాలేజీ ఎన్నికల్లో సెక్రటరీగా నిలబడి గెలిచిందట, ఈ సంగతి మా అమ్మకి కూడా ఇన్నాళ్లూ తెలియదు! వీసా గురించి కూడా భయంగా ఉంది అక్కా, కన్సల్టెన్సీవాళ్లని అడిగితే ఈ కాలేజీ పేరే వినలేదన్నారు.

నెల్లూరు_అక్క_బోస్టన్:

సెక్రటరీ గారికి నా నమస్కారాలు చెప్పు.

నాన్నగారి ప్రశ్న సరైన ప్రశ్న. మొత్తం ఖర్చు ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతుంది, దాదాపు ఏటా కొంత పెరుగుతుంది. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీస్‌కి ఇవాళే రాయండి. ఫీజు పెరిగితే గ్రాంట్ కూడా ఆ మేరకు పెరుగుతుందా, మా వాటా ఎంత పెరగొచ్చు, హెల్త్ ఇన్సూరెన్స్ ఆ 14 వేలలో ఉందా లేదా, ఎయిడ్‌లో అప్పు భాగం ఏమైనా ఉందా, నాన్నగారి ఉద్యోగానికి ఏమైనా అయితే మళ్లీ పరిశీలిస్తారా. అన్నీ ఒకే ఈమెయిల్‌లో అడగండి. వాళ్లు మర్యాదగా, వివరంగా జవాబిస్తారు. విమానం టికెట్లు, చలికోట్లు, బూట్లు విడిగా లెక్కేసుకోండి. క్యాంపస్‌లో చదువు రోజుల్లో వారానికి 20 గంటల దాకా పనిచేయొచ్చు, కానీ మొదటి సెమిస్టర్లో అంత పెట్టుకోకు. నేను లైబ్రరీ డెస్క్ దగ్గర చేశాను, చేతిఖర్చు వచ్చేసేది. ఇంటి వాటా దాంతో తీరదు.

వీసాకి కన్సల్టెన్సీ అక్కర్లేదు. డిపాజిట్ కట్టాక వీసాకి కావాల్సిన ఐ-20 అనే పత్రం కాలేజీయే పంపుతుంది. సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు కట్టి వీసా ఇంటర్వ్యూకి స్లాట్ బుక్ చేసుకోవాలి. వేసవిలో హైదరాబాద్ స్లాట్లకి రద్దీ ఎక్కువ, ఐ-20 వచ్చిన రోజే మొదలుపెట్టు. ఈ కాలేజీయే ఎందుకని అడిగితే మ్యాథ్స్, ఎకనామిక్స్ కలిపి చదవాలనుకుంటున్నానని, గ్రాంట్ ఇంత ఇచ్చారని నీ మాటల్లో చెప్పు. బట్టీ పట్టిన జవాబు వద్దు.

అమ్మగారి మౌనం గురించి. మా అమ్మా అలాగే ఉండేది. నేను ఆవిడకి చెప్పింది, రోజూ నా పొద్దున, మీ రాత్రి, క్లాసుకి నడుస్తూ ఫోన్ చేస్తానని. నాలుగేళ్లూ చేశాను. నువ్వూ నిలబెట్టుకోగలిగే మాటే ఇవ్వు. ఆవిడ నాతో మాట్లాడతానంటే శనివారం మీకు సాయంత్రం ఏడింటికి నాకు కుదురుతుంది. ఇక్కడే మెసేజ్ పెట్టు, వీడియో కాల్ చేస్తాను. నాన్నగారినీ కూర్చోమను.